వాననీళ్ళు తాగిన జపాన్ బండి

మా బావ సీతారామాంజనేయులు మార్కాపురంలో పలకరాయి వ్యాపారం చేస్తాడు. గనుల దగ్గర రాయి కొని, బిళ్ళలు కోయించి, గోడలకు అంటించుకునేవాళ్ళకు అమ్ముతాడు. జపాన్ ఎప్పుడూ చూడలేదు. ఆ మాటకొస్తే విశాఖపట్నం కూడా చూడలేదు. అయినా ఆయన నోట జపాన్ గొప్పతనం విన్నవాళ్ళు మా పడమటి ప్రాంతంలో తక్కువలో తక్కువ వెయ్యిమంది ఉంటారు. వాళ్ళందరిలోకీ ఎక్కువసార్లు విన్నవాణ్ణి నేను. బావమరిదిని, పైగా గిద్దలూరు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. చరిత్ర చెబితే వినక ఎక్కడికి పోతానని ఆయన ధీమా.

ఈ పిచ్చి ఆయనకు 2004లో పట్టింది. ఆ ఏడు టయోటా క్వాలిస్ కొన్నాడు, బూడిదరంగు డీజిల్ బండి. అప్పటికి ఆ బండి మన దేశంలోకి వచ్చి నాలుగేళ్ళయింది. బెంగళూరు పక్కన ఫ్యాక్టరీ పెట్టి చేసేవాళ్ళు. వచ్చిన కొత్తలో అగ్గిపెట్టెకు చక్రాలు తగిలించినట్టుందని నవ్వినవాళ్ళే, తర్వాత పదిమంది ఎక్కినా మూలగని బండి అని ఎగబడి కొన్నారు. మా బావ ఎగబడ్డవాళ్ళలో చివరివాడు. కొన్న మరుసటి ఏడే కంపెనీ దాన్ని ఆపేసి ఇన్నోవా తెచ్చింది. ఇంకొకరైతే అయ్యో అనుకునేవాళ్ళు. మా బావ మాత్రం, ఇంతకంటే మంచిది చేయడం మనవల్ల కాదని జపానువాళ్ళు చేతులెత్తేశారని ఊరంతా చెప్పుకొచ్చాడు.

సీట్ల మీది ప్లాస్టిక్ కవర్లు ఏడేళ్ళు తీయనివ్వలేదు. మే నెలలో ఒంగోలు పోయి దిగితే చొక్కా పిండుకోవాల్సి వచ్చేది. ఏసీ వేయమంటే ఇంజినుకు శ్రమ అనేవాడు. ఇన్ని చెమటలు పట్టించి, దిగగానే ఒక్కొక్కరినీ ఆపి, ఎట్లుంది మా బండి అని అడిగేవాడు. బాగుందని చెప్పందే ఇంట్లోకి పోనిచ్చేవాడు కాదు.

ఇక చరిత్ర. టయోటా మూలపురుషుడు మొదట చేసింది మగ్గాలు. పోగు తెగితే దానంతట అదే ఆగిపోయే మగ్గాన్ని కనిపెట్టాడు. ఆయన కొడుకు కార్ల మీద పడ్డాడు. ఇంటిపేరు టయోడా అయితే కంపెనీకి టయోటా అని పెట్టారు, జపాన్ లిపిలో రాయడానికి సరిగ్గా ఎనిమిది గీతలు పడతాయనీ, వాళ్ళకు ఎనిమిది కలిసొచ్చే అంకె అనీ. ఇంతవరకూ మా బావ చెప్పేది నిజమే, నేను పుస్తకాలు చూసి నిర్ధారించుకున్నాను. కానీ నంబరు ప్లేటు దగ్గరికి వచ్చేసరికి, ఎనిమిది శని అంకె అని సిద్ధాంతి అనగానే, కూడితే తొమ్మిది వచ్చే నంబరు కోసం రవాణా ఆఫీసు చుట్టూ వారం తిరిగాడు. జపాన్ మీద ఆయన భక్తి ఎంతవరకో నాకు అప్పుడే తెలిసింది.

అన్నిటికంటే ఇష్టంగా చెప్పేది తాడు కథ. టయోటా ఫ్యాక్టరీలో ప్రతి పనివాడికీ అందేట్టు ఒక తాడు వేలాడుతూ ఉంటుంది. పనిలో తేడా కనబడితే ఎంత చిన్నవాడైనా ఆ తాడు లాగొచ్చు. లాగితే పైవాడు వాడి దగ్గరికి వచ్చి ఏమైందని అడుగుతాడు. అవసరమైతే లైను మొత్తం ఆపేస్తారు. పనివాడి మాటకు అంత విలువ ఇచ్చారు కాబట్టే వాళ్ళు అంతవాళ్ళయ్యారని చెప్పేటప్పుడు మా బావకు నిజంగానే కళ్ళు చెమర్చేవి. తుడుచుకుని, వెనక్కి తిరిగి, టీ తెమ్మంటే ఇంకా ఇక్కడే దిమ్మెలాగ నిలబడినావేందని డ్రైవరు మీద అరిచేవాడు.

ఆ డ్రైవరు పేరు ఆశీర్వాదం. కంభం దగ్గరివాడు. లారీ మీద క్లీనరుగా మొదలై, ముప్పై ఏళ్ళు నిండకముందే ఈ బండి ఎక్కాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. పొద్దున్నే వచ్చి బానెట్ ఎత్తేవాడు. ఆయిల్ పుల్ల తీసి తన తువ్వాలుకే తుడిచి చూసేవాడు. స్టార్ట్ చేసి దిగి, చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఇంజిను చప్పుడు వినేవాడు. ఈ పనంతా అయ్యేటప్పటికి మా బావ ఇంకా పూజలోనే ఉండేవాడు. అందుకే ఆయన లోకంలో ఆ పని ఎప్పుడూ జరగలేదు.

నీళ్ళ సంగతి కూడా చెప్పాలి. మా ప్రాంతపు బోరు నీళ్ళు ఎట్లాంటివో గారపట్టిన మా పళ్ళు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్ళు కాస్తే గిన్నె అడుగున సున్నం కడుతుంది. పప్పు రెండు గంటలు ఉడికినా గింజ గింజగానే ఉంటుంది. రేడియేటర్లో పోస్తే అక్కడా అంతే, సన్నటి గొట్టాల్లో సున్నం పేరుకుని ఇంజిను వేడెక్కి చస్తుంది. కంభంలో ఎబినేజర్ అనే మెకానిక్ ఈ సంగతి మొదటి ఏడే ఆశీర్వాదానికి చెప్పాడు. నీళ్ళకు బదులు రేడియేటర్లో పోసే కూలెంట్ దుకాణంలో దొరుకుతుంది, కొందామని ఆశీర్వాదం అడిగితే, జపానోడు చేసిన ఇంజినుకు నీ రంగునీళ్ళు కావాల్నా అని మా బావ నవ్వాడు.

అప్పటినుంచి ఆశీర్వాదం తన ఇంటి రేకుల చూరు కింద డ్రమ్ము పెట్టి వాననీళ్ళు పట్టడం మొదలుపెట్టాడు. మాకు పడే వానలు వేళ్ళ మీద లెక్కపెట్టుకోవచ్చు. మబ్బు పడితే ఊళ్ళోవాళ్ళు పొలం వైపు పరిగెత్తితే, ఈయన డ్రమ్ము కడగడానికి పరిగెత్తేవాడు. ఆ నీళ్ళు గుడ్డలో వడగట్టి, తాగే నీళ్ళు తెచ్చే తెల్ల క్యాన్లు రెండింటిలో నింపి, బండి వెనక సీటు కింద పెట్టేవాడు. ఇరవై ఏళ్ళు ఆ బండి వేరే నీళ్ళు తాగలేదు. మా పిల్లలు తాగిన నీళ్ళకంటే మంచివి తాగింది. కనిగిరి రోడ్డు గుంతల్లో, శ్రీశైలం ఘాటు మలుపుల్లో ఎక్కడా మొరాయించలేదు. మొరాయించనప్పుడల్లా మా బావ డాష్‌బోర్డు మీద చెయ్యివేసి, జపాన్ బండిరా అనేవాడు. సొమ్మొకడిది, సోకొకడిది.

2014లో గిద్దలూరులో ఒక బడివాళ్ళు ఆశీర్వాదాన్ని వ్యాను నడపడానికి పిలిచారు. ఇంటికి దగ్గర, ఆదివారం సెలవు, జీతమూ ఎక్కువే. పోతానని చెప్పడానికి వచ్చాడు. అది ఆయుధపూజ రోజు. బానెట్‌కు పసుపు కుంకుమ పూసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఆశీర్వాదం చేతనే గుమ్మడికాయ కొట్టించి, మా బావ నలుగురిలో బండి మీద చెయ్యివేసి అన్నాడు.

"ఎక్కడికి పోతావురా? ఇరవై ఏండ్లు నిండిన నాడు ఈ బండి నీదే. పేపర్లు నీ పేరున రాయిస్తా. దేవుని ముందర చెప్తాండా."

నేను పక్కనే కొబ్బరిముక్క నములుతూ ఉన్నాను. ఆశీర్వాదం వంగి చక్రానికి దండం పెట్టుకున్నాడు. గిద్దలూరు పోలేదు. సొంతబండి వస్తే కంభం నుంచి శ్రీశైలానికి యాత్రికులను తిప్పుకుంటాననీ, కూతురు సంధ్యారాణి నర్సింగు చదువు దాంతోనే గట్టెక్కుతుందనీ ఒకసారి నాతో చెప్పాడు. ఆ ఒక్క మాట పట్టుకుని పదేళ్ళు ఉన్నాడు. గుమ్మడికాయ సాక్షిగా పదేళ్ళు.

ఇరవై ఏళ్ళూ నిండాయి. సరిగ్గా అదే నెలలో ఒంగోలు నుంచి స్రవంతి అనే అమ్మాయి కెమెరా వేసుకుని వచ్చింది. పాత బండ్ల ఓనర్ల అనుభవాలు అడిగి యూట్యూబులో పెడుతుందట. మా బావ సిల్కు చొక్కా వేసుకుని బండికి ఆనుకుని నిలబడ్డాడు. నాలుగు లక్షల అరవై వేల కిలోమీటర్లు తిరిగింది, దీని రహస్యం ఏమిటని ఆ అమ్మాయి అడిగింది. రహస్యమేమీ లేదనీ, నీళ్ళూ డీజిలూ పోయడమే తన పని అనీ, ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా బానెట్ ఎత్తి ఎరగననీ చెప్పాడు. అది అక్షరాలా నిజం. బానెట్ ఎత్తినవాడు అప్పుడు తువ్వాలు భుజాన వేసుకుని అద్దం పక్కన నిలబడి ఉన్నాడు. ఆయన ఎవరు సార్ అని ఆ అమ్మాయి అడిగింది. మా డ్రైవర్‌లే అమ్మా అని, ఫొటోకు అడ్డం రావద్దని చేత్తో సైగ చేశాడు బావ. తర్వాత మగ్గం కథ, తాడు కథ రెండూ చెప్పాడు. తాడు దగ్గర కళ్ళు తుడుచుకున్నది కూడా వీడియోలో ఉంది.

ఆ వీడియో లక్షమంది చూశారట. మా బావకు నేల మీద కాళ్ళు ఆగలేదు. నంద్యాల నుంచి, కర్నూలు నుంచి ఫోన్లు. అప్పటిదాకా పాత బండి అయినది కాస్తా వంశప్రతిష్ఠ అయి కూర్చుంది.

వారం ఆగి ఆశీర్వాదం వచ్చాడు. నేను అప్పుడు మా అక్క నాగమల్లేశ్వరి ఇంట్లోనే ఉన్నాను. వరండాలో నిలబడి, చెప్పులు కింద విడిచి, అడిగాడు.

"శెట్టిగారూ, ఇరవై ఏండ్లు నిండినాయి. పేపర్లు ఎప్పుడు రాయిస్తారు?"

"ఏం పేపర్లు?" అన్నాడు బావ.

ఆశీర్వాదం ఆయుధపూజ మాట గుర్తుచేశాడు. తనకు అట్లాంటిదేమీ గుర్తులేదన్నాడు బావ. ఒకవేళ అన్నా మాటవరసకు అని ఉంటానన్నాడు. ఆశీర్వాదం నా వైపు చూసి, మీరు కూడా ఉన్నారు గదా సారూ అన్నాడు. నేను ఉన్నాను. కొబ్బరిముక్క రుచి కూడా గుర్తుంది. కానీ వరండాలో దులపాల్సిన సాలెగూళ్ళు ఏమైనా ఉన్నాయా అన్నట్టు పైకి చూస్తూ కూర్చున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లలకు సత్యం, న్యాయం అని చెప్పిన నోరు ఇది.

బావ ఇంకో అడుగు ముందుకు వేశాడు. జపాన్ బండి నడపడానికి పెద్ద పనితనం అక్కరలేదనీ, ఇకనుంచి కొడుకు ఫణికృష్ణ నడుపుతాడనీ, ఆశీర్వాదం తన దారి తాను చూసుకోవచ్చనీ అన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే. ఆశీర్వాదం తాళంచెవి అరుగు మీద పెట్టాడు. బండి దగ్గరికి పోయి వెనక సీటు కింది క్యాన్లు రెండూ తెచ్చి దాని పక్కనే పెట్టాడు.

"ఈ నీళ్ళే పోయండి. అయిపోతే కూలెంట్ అన్నా కొనండి. బోరు నీళ్ళు మాత్రం పోయొద్దు, బండి సచ్చిపోతాది."

బావ నవ్వాడు. పోతూ పోతూ శాపనార్థాలు పెడుతున్నాడని నాతో అన్నాడు. ఆ రెండు క్యాన్లూ మా అక్క వంటింట్లోకి పోయాయి. మొదటిరోజే కందిపప్పు వెన్నలాగా ఉడికిందని అక్క మురిసిపోయింది. వారంలో నీళ్ళు ఖాళీ. నేను కూడా ఆ పప్పు రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

ఆశీర్వాదం గిద్దలూరు పోయి పాత బడినే అడిగాడు. పదేళ్ళ కిందట ఇస్తామన్న ఉద్యోగం పదేళ్ళు ఆగదు గదా. ఎవరైనా సెలవు పెడితే ఆ రోజుకు వ్యాను నడిపే పని ఇచ్చారు. సంధ్యారాణి చదువు ఒక ఏడాది ఆగిందని తర్వాత తెలిసింది.

క్వాలిస్ ఫణికృష్ణ చేతికి వచ్చింది. వాడు సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతాడు. రేడియేటరు మూత ఎక్కడుంటుందో బంకులో అబ్బాయి చూపించాకే తెలిసింది వాడికి. పెరట్లో బోరు పైపు ఉండగా నీళ్ళకేం కరువని దాంతోనే నింపాడు. ఒకసారి కాదు, పది నెలలు.

మొన్న మేలో నంద్యాలలో మా బావ అన్న మనవరాలి పెళ్ళి. వీడియో చూసిన మగపెళ్ళివారు, పెళ్ళికొడుకును ఆ బండిలోనే ఊరేగించాలని కోరారట. మా బావ ఉబ్బి తబ్బిబ్బయ్యాడు. బండికి బంతిపూలు కట్టించాడు. ఫణి నడుపుతున్నాడు, పక్కన బావ. వాళ్ళ వెనక నేను, అక్క, ఫణి భార్య లక్ష్మీప్రసన్న. గిద్దలూరు దాటి దిగువమెట్ట మీదుగా నల్లమల ఘాటు ఎక్కేసరికి పదకొండు. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఊరేగింపుకు ముందు చల్లబడాలని ఆ ఒక్కరోజూ ఏసీ వేయనిచ్చాడు.

ఘాటు మొదట్లోనే బావ మగ్గం కథ ఎత్తుకున్నాడు. అప్పుడే నాకు మీటర్లలో ముల్లు కనిపించింది. వేడి చూపించే ముల్లు ఎర్రగీతకు ఆనుకుని ఉంది. ఫణి దాన్ని డీజిల్ ముల్లు అనుకుని, ట్యాంకు నిండుగా ఉందని సంతోషంగా ఉన్నాడట, తర్వాత చెప్పాడు. చెబుదామని నోరు తెరిచాను. చరిత్ర మధ్యలో ఆపితే బావకు కోపం వస్తుంది. మూసుకున్నాను. నా బతుకంతా ఇట్లా మూసుకోవడమే.

"మామయ్యా, ఏదో మాడిన వాసన వస్తాంది," అంది లక్ష్మీప్రసన్న.

"జపాన్ బండిలో ఏం మాడతాది? కథ విను," అన్నాడు బావ. పోగు తెగిన క్షణమే మగ్గం ఆగిపోయేదనీ, జానెడు గుడ్డ కూడా చెడేది కాదనీ, దాన్నిబట్టే తాడు పద్ధతి వచ్చిందనీ చెబుతూ ఉండగా బానెట్ కింద ఠప్పుమని మోగింది. బంతిపూల మధ్య నుంచి తెల్లటి ఆవిరి లేచింది. బండి ఆగింది. అంతా చెడ్డాక ఆగింది.

రోడ్డు పక్క చెట్ల నీడలో కోతులతో పాటు కూర్చున్నాం. తెలిసినవాళ్ళ నంబర్లు తిప్పితే ముహూర్తాల రోజు ఎవరి బండీ ఖాళీ లేదు. ఆఖరికి ఎవరినీ అడగకుండా మా అక్క ఆశీర్వాదానికి ఫోన్ చేసింది. గంటన్నర తర్వాత గిద్దలూరు వైపు నుంచి వచ్చిన బస్సులోంచి దిగాడు. రెండు చేతుల్లో రెండు తెల్ల క్యాన్లు, భుజాన సంచిలో పానాలు. వస్తాడని నేను అనుకోలేదు. నేనైతే వచ్చేవాణ్ణి కాదు.

వచ్చీ రాగానే బానెట్ ఎత్తాడు. గుడ్డ అడ్డం పెట్టి మూత తిప్పి, లోపల వేలు పెట్టి తీశాడు. వేలి నిండా తెల్లటి ముద్ద, గోడకు కొట్టే సున్నం లాంటిది. ఏం నీళ్ళు పోశారని అడిగాడు. బోరు నీళ్ళేనని ఫణి తల వంచుకున్నాడు. నేనిచ్చినవి ఏమయ్యాయని అడిగాడు. పప్పుకు వాడుకున్నానయ్యా, బాగా ఉడికిందని అక్క ఉన్నమాట చెప్పింది. ఆశీర్వాదం ఇంజిను మీద అరచెయ్యి పెట్టి చూశాడు. తర్వాత బానెట్ మెల్లగా దించాడు. ఇంజిను పగిలిందనీ, ఇప్పుడు నీళ్ళు పోసినా లాభం లేదనీ చెప్పాడు.

మా బావ మొహంలో రంగులు మారాయి. ఆ మనిషి సిగ్గుపడతాడని నేను ఒక్క నిమిషం ఆశపడ్డాను. గొంతు సవరించుకుని, వీడియోలో మాట్లాడినట్టే మాట్లాడాడు.

"ఆశీర్వాదం, ఈ బండి నీకేరా. ఆయుధపూజ నాడు దేవుని ముందర ఇచ్చిన మాట. సీతారామాంజనేయులు మాట తప్పడు. కావాలంటే మా బావమరిదిని అడుగు, ఆయనే సాక్షి."

అప్పుడు లేని సాక్షి ఇప్పుడు పుట్టుకొచ్చాడు. ఆశీర్వాదం నా వైపు తిరిగి చూశాడు. ఈసారి చూసుకోవడానికి సాలెగూళ్ళు కూడా లేవు. అవునన్నాను. ఆ మాట విని ఆయన తల ఊపాడు, అంతే. తువ్వాలుతో వేలికి అంటిన సున్నం తుడుచుకున్నాడు.

"వద్దు శెట్టిగారూ. పనోడు తాడు లాగితే పైనోడు వచ్చి ఏందని అడుగుతాడని ఇరవై ఏండ్లు మీరే చెప్పినారు. నేను పోయేనాడు లాగినా. ఏందని మీరు అడగలే."

బావ దగ్గర దానికి కథ లేదు.

నంద్యాల బస్సు వస్తుంటే ఆశీర్వాదమే చెయ్యెత్తి ఆపాడు. పెళ్ళిసామాను ఎక్కించాడు. అక్క ఎక్కేటప్పుడు ఆ రెండు క్యాన్లూ తెచ్చి మెట్టు మీద పెట్టాడు.

"ఇవి బండికి ఇంక పనికిరావమ్మా. పప్పుకు పనికొస్తాయి, తీసకపోండి," అన్నాడు.

ఎగతాళిగా అని ఉంటే బాగుండేది. మామూలుగానే అన్నాడు. అక్క చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బావ కిటికీ పక్కన కూర్చుని రోడ్డు అవతలికి తిరిగాడు. బస్సు కదిలాక వెనక్కి చూస్తే, ఆశీర్వాదం చక్రం పక్కన గొంతుక్కూర్చుని ఉన్నాడు, పొద్దున్నే ఇంజిను చప్పుడు వినేటప్పుడు కూర్చున్నట్టే.

క్యాన్లు ఒళ్ళో పెట్టుకుని నంద్యాల దాకా నేనే మోశాను. ఘాటులో అన్న ఆ అవును నేను పది నెలల ముందు వరండాలో అని ఉంటే, అవి ఇప్పుడు ఆశీర్వాదం సొంత బండిలో వెనక సీటు కింద ఉండేవి.